మొదటి మాట ఎందుకు వాయిదా పడుతుంది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన వేట నిషేధం అది, మొత్తం 61 రోజులు. కృష్ణమ్మ కడలిలో కలిసే హంసలదీవి పక్కనున్న పాలకాయతిప్ప మొదలు బందరు గిలకలదిండి రేవు దాకా ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు అల్లుకోవడం, ఇంజన్లు విప్పి చూసుకోవడం, పడవలకు రంగులు వేసుకోవడం పోను కుర్రకారుకు ఏడాదిలో మరెప్పుడూ దొరకనంత తీరిక దొరికేది అప్పుడే. ఉద్యోగం కోసమో, ఊరు దాటి పని కోసమో హిందీ కావాలనుకునే యువకుడికి ఇంతకంటే అనువైన రోజులు ఉండవు. అయితే తీరిక దొరికినంత మాత్రాన భాష వచ్చేయదు. రెండో పంట ఇంటికొచ్చి కాలువలు కట్టేసిన ఎండాకాలంలో గుడివాడ పల్లెల్లో అయినా, పరీక్షలైపోయిన బందరు కాలేజీ పిల్లల్లో అయినా జరిగేది ఒకటే. బస్టాండు కొట్టులో కొన్న ‘ముప్పై రోజుల్లో’ పుస్తకానికి మొదటి పది పేజీలు నలిగి మాసిపోయి ఉంటాయి, పదకొండో పేజీ నుంచి కొత్త కాగితం వాసన వస్తుంది. ఆ పదో పేజీ దగ్గర మనిషి లోపల ఏం జరుగుతోందన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం ఇప్పుడు చాలావరకు నమ్మదగిన జవాబే చెబుతోంది. ఆ జవాబు మనం ఇంట్లో పిల్లల్ని తిట్టే తిట్టుకు మాత్రం సరిపోలదు.

మనం తిట్టేది బద్ధకమని. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పియర్స్ స్టీల్ వాయిదా మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కగట్టి 2007లో ప్రచురించాడు. ఆయన ఇచ్చిన నిర్వచనమే ముందు ఒక అన్యాయాన్ని సరిదిద్దుతుంది. నష్టమని తనకే తెలిసి కూడా, చేయాలనుకున్న పనిని తనంత తానుగా జరుపుకుంటూ పోవడమే వాయిదా. తెల్లవారుజామున వేటకెళ్లి మధ్యాహ్నానికి ఒడ్డు చేరి, చేపలు అమ్ముకుని ఒళ్లు హూనమై పడుకున్న మనిషి పుస్తకం తెరవలేదంటే అది వాయిదా కాదు, అలసట. ఆ తేడా చూడకుండా పేదవాడి అలసటను దుర్గుణంగా లెక్కకట్టడం శాస్త్రం కాదు. తీరిక ఉండీ జరిపేసేవాళ్ల విషయంలో స్టీల్‌కు కనిపించినవి ప్రధానంగా నాలుగు: పని మీద విముఖత, ఫలితం ఎక్కడో దూరాన ఉండటం, నా వల్ల అవుతుందా అన్న అనుమానం, చేతికందిన దానివైపు మనసు లాగేసే తత్వం. ఈ నాలుగూ భాష నేర్చుకోవడంలో ఒక్కచోటే కలుస్తాయి. ఫలితం ఏడాదికో రెండేళ్లకో గానీ రాదు, ఇబ్బంది మాత్రం ఈ సాయంత్రమే పడాలి. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ భారతదేశంలో ఉన్న రోజుల్లో తన మిత్రుడు జోసెఫ్ స్టిగ్లిట్జ్ వదిలివెళ్లిన బట్టల పెట్టెను అమెరికాకు పంపడం ఎనిమిది నెలలకు పైగా జరుపుతూ వచ్చాడు. ప్రతి ఉదయం రేపు పంపుదామనే నిజంగా అనుకున్నాడు. ఆ అనుభవం మీద ఆయన 1991లో ఒక ప్రసిద్ధ వ్యాసమే రాశాడు. ఈరోజు పడాల్సిన చిన్న శ్రమ కళ్లముందు ఉబ్బి పెద్దదిగా కనిపిస్తుందని, రోజుకు రోజు జరపడం వల్ల కలిగే నష్టం ఏ ఒక్క రోజూ కంటికి ఆనదని ఆయన వాదన. తెలివికీ దీనికీ సంబంధం లేదు.

ఇక్కడితో ఆగితే భాషకూ బట్టల పెట్టెకూ తేడా లేకుండా పోతుంది. ఫూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ 2013లో ఒక మెట్టు లోపలికి దిగి చూశారు. మనిషి జరిపేది పనిని కాదు, ఆ పని తలచుకుంటే కలిగే చికాకును అన్నారు. పక్కన పెట్టగానే మనసు తేలికవుతుంది, ఆ తేలికదనమే మళ్లీ పక్కన పెట్టడం నేర్పుతుంది. మరి భాష తలచుకుంటే కలిగే చికాకు ఏమిటి? దీన్ని అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలైన్ హోర్విట్జ్, మరో ఇద్దరు కలిసి 1986లో విడిగా గుర్తించి, 33 ప్రశ్నలతో కొలిచే పద్ధతి తయారుచేశారు. లెక్కల భయం, పరీక్ష భయం లాంటివాటికి భిన్నంగా పరభాష తరగతికే ప్రత్యేకమైన భయం ఒకటుందని వాళ్లు చూపించారు. దాని మూలం ఊహించడం కష్టం కాదు. రేవులో చేపల వేలంపాటలో పదిమందిని తన మాటతో నిలబెట్టగల మనిషి, పంచాయతీలో నలుగురికీ సర్దిచెప్పగల మనిషి హిందీలోకి అడుగుపెట్టగానే మూడేళ్ల పిల్లాడి స్థాయికి పడిపోతాడు. ‘గాడీ ఆయీ’ అనాల్సినచోట ‘గాడీ ఆయా’ అంటాడు. ‘మైనే రోటీ ఖాయీ’ అనాలంటే రొట్టె ఆడదని గుర్తుండాలి, తాను మగవాడినన్న సంగతి అక్కడ పనికిరాదు. పైగా ఆ ‘నే’ ఎందుకొచ్చిందో తెలియాలి. తెలుగులో బండికీ రొట్టెకీ ఆడామగా తేడా లేదు కాబట్టి ఈ తప్పు తెలుగువాడి నోట రావడం సహజం, నేర్చుకునే దారిలో రాక తప్పదు. విన్నవాడు మాత్రం నవ్వుతాడు. తన భాషలో తనకున్న పెద్దరికమంతా ఆ నవ్వు ముందు ఒలిచేసినట్టవుతుంది. మాట్లాడకుండా ఉంటే ఆ అవమానం లేదు. పదకొండో పేజీ తెరుచుకోకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. పుస్తకంలో అక్కడిదాకా అక్షరాలు, అంకెలు, పండ్ల పేర్లు, అక్కణ్నుంచి మనిషితో మాట్లాడే వాక్యాలు మొదలవుతాయి.

భాష విషయంలో వాయిదా చాలాసార్లు చదువు రూపంలోనే వస్తుంది. దీన్ని కనిపెట్టడం అందుకే కష్టం. నోట్సు అందంగా రాసుకోవడం, ఫోన్‌లో మూడో యాప్ ఎక్కించుకోవడం, ఏ వ్యాకరణ పుస్తకం మంచిదో వీడియోల్లో గంటలకొద్దీ చూడటం, అచ్చులు హల్లులు నాలుగోసారి దిద్దడం, ఇవన్నీ శ్రద్ధగానే కనిపిస్తాయి, చేసేవాడికీ తృప్తినిస్తాయి. కానీ వీటిలో నోరు తెరిచి తప్పు మాట్లాడే క్షణం ఒక్కటీ ఉండదు. జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ 2008లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గట్టి ఆధారం. కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలి మాటలు, వాటి ఇంగ్లిషు అర్థాలు నేర్పారు. ఒకసారి గుర్తొచ్చిన మాటను కూడా మళ్లీ మళ్లీ జ్ఞాపకం తెచ్చుకుని చెప్పమన్నవాళ్లు వారం తర్వాత దాదాపు 80 శాతం మాటలు చెప్పగలిగారు. ఒకసారి వచ్చేసిన మాటను మళ్లీ అడగకుండా వదిలేసిన వాళ్లకు, అదే మాటను పదేపదే చదివించినా, మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే గుర్తుంది. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే అన్ని గుంపులూ ఇంచుమించు ఒకే అంచనా వేశాయి. అంటే ఏ పద్ధతి పనిచేస్తుందో నేర్చుకునేవాడికి లోపల్నుంచి తెలియదు. చదవడం సాఫీగా సాగుతుంది కాబట్టి వచ్చేసినట్టే ఉంటుంది. గుర్తు తెచ్చుకోవడంలో తడుముకుంటాం కాబట్టి రానట్టు ఉంటుంది. మనసు సాఫీగా ఉన్నదానివైపే మొగ్గుతుంది, మనం వదిలేసిందే మనకు భాష నేర్పేది. మన బడి అనుభవం కూడా దీన్నే చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు పిల్లలు ఆరు నుంచి పది దాకా హిందీ చదివారు, పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 మార్కులు కావాలంటే హిందీకి 20 వస్తే చాలన్నారు. ఏళ్లతరబడి పాఠం చదివి, ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి బయటికొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది రైల్లో పక్కవాడితో నాలుగు ముక్కలు మాట్లాడలేరు. వాళ్లను మాట్లాడించే ఏర్పాటు అన్నేళ్లలోనూ లేదు.

కొందరికి నెత్తిమీదికి వస్తేనే పని సాగుతుంది కదా, అప్పుడే చురుగ్గా చేస్తారు కదా అని అడిగేవాళ్లున్నారు. డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ 1997లో ఒక కోర్సు పొడుగునా విద్యార్థులను గమనించారు. పని జరిపేవాళ్లు మొదట్లో మిగతావాళ్లకంటే నిశ్చింతగా, ఆరోగ్యంగా ఉన్నారు. చివరికి వచ్చేసరికి ఒత్తిడీ అనారోగ్యమూ వాళ్లకే ఎక్కువ, మార్కులు వాళ్లకే తక్కువ. అయినా ఒక వ్యాసమో ఒక రిపోర్టో ఆఖరి రాత్రి కూర్చుని పూర్తి చేయవచ్చు, అది నిజమే. భాషను మాత్రం అలా చేయలేం, కారణం జ్ఞాపకం పనిచేసే తీరులోనే ఉంది. హ్యారీ బారిక్ తన కుటుంబంతో కలిసి, తామే ప్రయోగానికి పూనుకుని, తొమ్మిదేళ్లపాటు సాగించిన అధ్యయనాన్ని 1993లో ప్రచురించాడు. నలుగురు మనుషులు, 300 పరభాషా పదాలు. 14 రోజులకొకసారి చొప్పున 26 సార్లు చదివినదానికీ, 56 రోజులకొకసారి చొప్పున 13 సార్లు చదివినదానికీ ఏళ్ల తర్వాత మిగిలిన జ్ఞాపకం ఇంచుమించు సమానం. మధ్యలో ఎడం పెరిగితే సగం శ్రమతో అంతే ఫలితం. ఇందులో నేర్చుకునేవాడికి ఒక శుభవార్త, ఒక హెచ్చరిక రెండూ ఉన్నాయి. రోజుకు మూడు గంటలు కూర్చోనక్కర్లేదు. కానీ ఆ ఎడాలకు కావలసిన నెలలను ఏ పట్టుదలా ఆఖరి వారంలో సృష్టించలేదు. ఫిబ్రవరిలో మొదలుపెట్టాల్సింది ఆగస్టులో మొదలుపెడితే పోయేది శ్రమ కాదు, కాలం. అందుకే మిగతా చదువుల్లోకంటే భాషలో వాయిదా ఖరీదు ఎక్కువ.

అవసరం పడితే అదే వస్తుందన్నది మనలో చాలా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. దీనికి ఎదురు సాక్ష్యం బందరులోనే, అంటే మచిలీపట్నంలోనే దొరుకుతుంది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1611లో. కలంకారీ అద్దకాల కోసం నేతగాళ్లతో, అద్దకందార్లతో, నవాబు ఉద్యోగులతో రోజూ మాట్లాడాల్సిన వ్యాపారం అది, అవసరానికి కొదవలేదు. అయినా కంపెనీ తన ఉద్యోగులకు దక్షిణాది భాషలు పద్ధతిగా నేర్పే కాలేజీని మద్రాసులో సెయింట్ జార్జి కోట పేరుతో పెట్టింది 1812లో, రెండు శతాబ్దాల తర్వాత. ఆ మధ్యకాలమంతా తెల్లదొరలకూ దేశీయులకూ నడుమ దుబాసీలు నిలబడ్డారు. అవసరం దొర నెత్తిన పడకముందే దుబాసీ అందుకునేవాడు, ఆ అందుకోవడానికి దొర ఇచ్చుకున్న మూల్యం ఏ ఒక్కరోజు లెక్కలోనూ కనబడేది కాదు. అవసరం మనిషికి నేరుగా తగిలితేనే నేర్పుతుంది, మధ్యలో ఎవరైనా మోసిపెడితే ఎన్ని తరాలైనా వాయిదా పడుతుంది. నేరుగా తగిలేలా చేసింది ఏమిటో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితంలో కనిపిస్తుంది. 1817లో మద్రాసు చేరిన ఆ కుర్రాడు తెలుగు పరీక్ష నెగ్గాకే 1820లో కడపకు ఉద్యోగంలో వెళ్లాడు. కాలేజీ పండితుడు, పరీక్ష తేదీ, నెగ్గితేనే జిల్లాలో కొలువు అన్న షరతు, ఈ మూడూ కలిసి ఆయన చేత తెలుగు మొదలుపెట్టించాయి. తెలుగు మీద ప్రేమ తర్వాత వచ్చింది. 1820ల్లో మచిలీపట్నంలో పనిచేస్తూ వేమన పద్యాల ప్రతులు సేకరించడంలో పడ్డాడు, 1829లో వాటిని ఇంగ్లిషు అనువాదంతో అచ్చువేశాడు. ముందు ఇష్టం పుట్టాలి, ఆ తర్వాతే నేర్చుకోవాలి అని ఎదురుచూసేవాళ్లకు ఈ వరస గమనించదగ్గది.

బయటినుంచి వచ్చే తేదీకి ఇంత బలం ఎందుకుంటుందో డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో పరీక్షించారు. ఒక తరగతికి మూడు వ్యాసాలకూ సమానమైన ఎడంతో గడువులు వాళ్లే పెట్టారు. రెండో తరగతిని మీకు నచ్చిన తేదీలు పెట్టుకోమన్నారు. పెట్టుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్లలో చాలామంది ఆఖరి తేదీ దాకా ఉంచుకోకుండా ముందు తేదీలే కోరుకున్నారు, అంటే తమ బలహీనత వాళ్లకు తెలుసు. అయినా ఎక్కువ మార్కులు వచ్చింది సమానంగా గడువులు పెట్టిన తరగతికి. మరో ప్రయోగంలో గడువులన్నీ చివరికి తోసేసినవాళ్లు అందరికంటే వెనకబడ్డారు. ఈ ప్రయోగానికి ఎనిమిది దశాబ్దాల ముందే దక్షిణాదిలో ఒక సంస్థ ఆచరణలో ఇదే చేసింది. గాంధీజీ 1918లో తన కొడుకు దేవదాసును మద్రాసు పంపి మొదలుపెట్టించిన హిందీ ప్రచారం, తర్వాత దక్షిణ భారత హిందీ ప్రచార సభగా నిలిచింది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అంటూ మెట్లు కట్టి, ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పరీక్షలు పెట్టింది. తెలుగు పల్లెల్లో హిందీ మాస్టారి ఇంటి అరుగు మీద సాయంత్రం ట్యూషన్‌కు కూర్చున్న పిల్లలకు, గృహిణులకు, గుమాస్తాలకు హిందీ అనే అంతులేని సముద్రం కనిపించలేదు. ఆరు నెలల దూరంలో ఒక ప్రాథమిక కనిపించింది. ఈ ఉద్యమాన్ని నడిపిన పెద్దల్లో మోటూరి సత్యనారాయణ ఈ కృష్ణా జిల్లావాడే. 1902లో దొండపాడులో పుట్టి, బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివి, హిందీ ప్రచారానికి జీవితం ఇచ్చాడు. ఆ మెట్లవరస ఎంత తెలివైన ఏర్పాటో చాలామంది హిందీ అభిమానులు కూడా గుర్తించినట్టు కనబడదు. ఇవాళ జర్మన్ నేర్చుకునే నర్సులు ఎక్కే ఏ1, ఏ2, బీ1 మెట్లూ, జపనీస్ నేర్చుకునేవాళ్లకు జులైలో, డిసెంబరులో వచ్చే పరీక్షలూ అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

దీనిమీద అభ్యంతరం చెప్పేవాళ్లు చెప్పేది నిజమే, దాటవేయకూడదు. విశారద పట్టా గోడకు వేలాడదీసుకుని కూడా హిందీలో బేరమాడలేనివాళ్లు మన ఊళ్లలో ఎంతమందైనా ఉన్నారు. తేదీ మనిషిని కూర్చోబెడుతుంది, కూర్చుని ఏం చేయాలో అది చెప్పదు. రాతపరీక్ష పెడితే రాత నేర్చుకుంటాడు, ఎందుకంటే గడువు ఏ వైపు చూపిస్తే శ్రమ ఆ వైపే పోతుంది. సెయింట్ జార్జి కోట కాలేజీలో చదివి వచ్చిన దొరలందరూ బ్రౌన్‌లు కాలేదు. తేదీతో పాటు వినే మనిషి కూడా ఉండాలన్నదే దీనికి జవాబు. పింగళి వెంకయ్య పేరు చెబితే మనకు జెండాయే గుర్తొస్తుంది. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టి, ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసిన ఆయన్ను ఆ రోజుల్లో ‘జపాన్ వెంకయ్య’ అనేవారు. జపనీస్ నేర్చుకుని, 1913లో బాపట్లలో ఆ భాషలో పూర్తి ప్రసంగమే చేశాడని చెబుతారు. సభలో ఆ భాష తెలిసినవాళ్లు ఎందరున్నారన్నది పక్కన పెడదాం, నేర్చుకున్న భాషను నలుగురి ముందు నోటితో పలకడానికి ఒక మనిషి సిద్ధపడ్డాడన్నదే ఇక్కడ మనకు కావలసింది. భయం పోవడానికి భయపడే పనిని కొద్దికొద్దిగా, ప్రమాదం లేనిచోట, పదేపదే చేయడం నిలకడగా పనిచేసే దారి అని మానసిక చికిత్సలో దశాబ్దాలుగా తేలింది. భాష విషయంలో ఆ ప్రమాదం లేని చోటంటే, తప్పు పలికినా నవ్వని ఒక మనిషి. వారానికి రెండు మూడుసార్లు ఒక చోట కూర్చుని, ‘గాడీ ఆయా’ అంటే వెక్కిరించకుండా ‘హా, గాడీ ఆయీ’ అని సరిగ్గా తిరిగి చెప్పి మాట కొనసాగించేవాడు. అటువంటి మనిషి దొరికితే నేర్చుకునేవాడు మొదటి మాటను ఆరో నెల దాకా దాచుకోడు, మొదటి వారంలోనే అనేస్తాడు.

పిల్లలు ఇట్టే నేర్చేస్తారు, పెద్దయ్యాక రాదు అన్నమాటలో కూడా ఈ సంగతి దాగి ఉంది. జాషువా హార్ట్‌షోర్న్ బృందం 2018లో సుమారు 6,70,000 మంది ఇంగ్లిషు జ్ఞానాన్ని పరిశీలించి, వ్యాకరణాన్ని పట్టే శక్తి పదిహేడేళ్ల వయసు దాకా చెక్కుచెదరదనీ ఆ తర్వాత తగ్గుతుందనీ తేల్చింది. తగ్గుదల నిజం. అది ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లలా మాట్లాడటానికి అడ్డం గానీ, పని జరిగేలా మాట్లాడటానికి కాదు. పిల్లలకున్న అంతకంటే పెద్ద సౌకర్యం, వాళ్లకు వాయిదా వేసే అధికారం లేకపోవడం. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు 2007 నుంచి సిలికానాంధ్ర నడుపుతున్న ‘మనబడి’నే తీసుకోండి. వారాంతంలో తరగతి ఉంటుంది, ఏడాదికి పరీక్ష ఉంటుంది, పిల్లాడిని కారెక్కించి తీసుకెళ్లే అమ్మానాన్నలుంటారు, తెలుగులో అడిగి తెలుగులో జవాబు కోసం చూసే తాతయ్య ఫోన్‌లో ఉంటాడు. తేదీ, తోడు, వినేవాడు, మూడూ ఎవరో అమర్చిపెట్టారు. అదే అమెరికాలో స్పానిష్ నేర్చుకోవాలనుకునే ఆ పిల్లాడి తండ్రికి ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. ఆయనకున్నది కోరిక ఒక్కటే, దాన్నే సంకల్పబలమని మనం అతిగా నమ్ముతాం.

రోజువారీ స్థాయిలో కూడా సంకల్పం కంటే ఏర్పాటే పనిచేస్తుంది. గాంధీజీ తన ఆత్మకథలో ఈ సంగతి దాచకుండా చెప్పుకున్నాడు. 1896లో నేటాల్ నుంచి కలకత్తా వస్తున్న ఓడలో తమిళం, ఉర్దూ మొదలుపెట్టి చక్కగా ముందుకెళ్లాడు. ఒడ్డుకు దిగాక కొనసాగించలేకపోయాడు. ఆ తర్వాత ఆయన చదువు ఎక్కువగా సాగింది జైళ్లలోనే. తమిళం మాట్లాడటం ఎప్పటికీ పట్టుబడలేదనీ, చదవగలిగిన కొంచెమూ వాడుక లేక తుప్పుపడుతోందనీ రాసుకున్నాడు. అంతటి నియమపాలకుడికి సంకల్పం కొరవడిందని ఎవరూ అనలేరు. ఓడలో దినచర్య ఒకలా ఉంది, నేలమీద అది చెదిరిపోయింది, అంతే. వేట నిషేధం 61 రోజుల్లో అలవాటు చేసుకున్న చదువుకూ ఇదే గండం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో 96 మందిని గమనిస్తే, ఒక చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, మరికొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. గ్లాసెడు నీళ్లు తాగడం లాంటి పనుల లెక్క అది, భాషకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అంటే అలవాటు గట్టిపడుతుండగానే జూన్ 15 వస్తుంది, పడవలు కదులుతాయి, రోజు తీరే మారిపోతుంది. కాబట్టి మొదటి రోజునే చదువును నిషేధం తర్వాత కూడా ఉండే పనికి కట్టాలి. పీటర్ గోల్‌విట్జర్ ప్రతిపాదించిన ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అనే పద్ధతి మీద జరిగిన 94 పరీక్షలను ఆయన, పాస్కల్ షీరన్ 2006లో కలిపి చూస్తే, ఉత్త కోరికకంటే ఇది చెప్పుకోదగ్గంత మెరుగని తేలింది. పుస్తకాలు ‘రోజూ ఆరు గంటలకు’ అని చెబుతాయి, కానీ వేటకు వెళ్లే సమయం పోటూ పాటూ గాలీ చెప్పినట్టు మారుతుంది, గడియారానికి కట్టిన నియమం సముద్రం దగ్గర మూడు రోజులు నిలవదు. ‘వల ఆరేసి చేతులు కడుక్కోగానే గట్టు మీద కూర్చుని, నిన్నటి అయిదు వాక్యాలు పుస్తకం చూడకుండా పైకి చెబుతాను’ అన్న నియమం నిలుస్తుంది. వల ఏ వేళకు ఆరేసినా ఆరేయడమైతే తప్పదు.

మధ్యలో తెగితే ఏమిటన్నది చాలామంది ఆగిపోయే చోటు. నాలుగు రోజులు జ్వరం వచ్చిందనో, చుట్టాలింట్లో పెళ్లనో చదువు ఆగుతుంది. ఇక పాడైపోయింది, ఉగాది నుంచి కొత్తగా మొదలెడదాం అనుకుంటాం. కొత్త సంవత్సరం, పుట్టినరోజు లాంటి రోజుల్లో మనుషులు నిజంగానే కొత్త పనులకు ఉత్సాహంగా పూనుకుంటారని హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు. అయితే ఆ రోజు ఇంకా రెండు నెలల దూరాన ఉంటే అదే వాయిదాకు ముహూర్తమవుతుంది. లాలీ అధ్యయనంలో ఒక్కరోజు తప్పినా అలవాటు పాడవలేదు. మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ 2010లో 119 మంది విద్యార్థుల మీద చేసిన పరిశీలనలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. సిగ్గుపడితేనే బుద్ధి వస్తుందనుకునే మనకు ఇది వింతగా తోస్తుంది. వాయిదా చికాకు నుంచి తప్పించుకోవడమైతే, తిట్టుకున్నకొద్దీ ఆ పుస్తకం చుట్టూ చికాకు పెరుగుతుంది, తప్పించుకోవడమూ పెరుగుతుంది. రానివాడిని నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరిచే మాస్టర్లు ఎంతమంది చేత ఒక భాషను జీవితాంతం వాయిదా వేయించారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

చివరిగా ఈ కాలపు ప్రశ్న. చేతిలో ఫోన్ ఉంది, తెలుగులో మాట్లాడితే హిందీలోనో జర్మన్‌లోనో అది పలుకుతుంది, ఇక నేర్చుకోవడం ఎందుకు? దారి అడగడానికి, మందుల చీటీ చదవడానికి ఆ సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఉద్యోగపు ఇంటర్వ్యూలో, ఓడ మీద తుఫాను వేళ వచ్చే ఆజ్ఞలో, ఆస్పత్రిలో రోగి పక్కన నిలబడ్డప్పుడు మధ్యవర్తి తీసుకునే ఆ రెండు క్షణాలు కూడా ఎక్కువే. బందరు దొరలకు దుబాసీ చేసిందే ఫోన్ మనకు చేస్తుంది, అవసరాన్ని మనదాకా రానివ్వదు. అదే ఫోన్‌ను ఇంకోలా కూడా వాడవచ్చు. ‘గాడీ ఆయా’ అని ఇరవైసార్లు అన్నా అది నవ్వదు, విసుక్కోదు, సరైన మాట మళ్లీ చెబుతుంది. మనుషుల ముందు నోరు పెగలనివాడికి మొదటి వారం ఆ మేలు చిన్నది కాదు. దాని లోపం ఏమిటంటే, మనం రాకపోతే దానికి పట్టదు. పాలకాయతిప్ప లాంటి ఊరికి భాషా కేంద్రాలు రావు, రానక్కర్లేదు కూడా. కోడూరు, అవనిగడ్డ ప్రాంతంలో పదవీ విరమణ చేసిన హిందీ మాస్టారు ఒకరు ఆది, గురువారాల సాయంత్రం బడి వరండాలో రెండు గంటలు కూర్చోవడానికి ఒప్పుకుంటే, వచ్చిన అయిదారుగురి పేర్లు ఫిబ్రవరి ప్రాథమికకు కట్టిస్తే, రాని వాడింటికి ‘ఏరా అబ్బాయ్, గురువారం కనబడలేదే’ అని కబురు పంపిస్తే సరిపోతుంది. ఆ రెండు గంటల్లో రాత అరగంటే, మిగతాదంతా మాటలే ఉండాలి. చేపల ధరలు, ఇంజన్ మరమ్మతు, నిన్నటి క్రికెట్ ఆట, ఏదైనా సరే, తప్పుల్తోనే, హిందీలోనే.